చక్రాల కుర్చీకి రబ్బరు కట్టు

మన పాఠశాల వాకిటినుండి తొమ్మిదవ తరగతి గదికి పోవు త్రోవలో నేల మూడుచోట్ల మారును. మొదట ఎఱ్ఱమన్ను, పిదప సిమెంటు వాలు, ఆ మీదట బండలు పఱచిన వసారా. నడచిపోవువారికి ఈ భేదము తోపదు. చక్రాల కుర్చీలో పోవువారికి మాత్రము ప్రతిదినము చేతులకు తెలియుచుండును.

గత సంవత్సరము అర్ధసంవత్సర పరీక్షలకు నాలుగు దినములు ముందుగా తొమ్మిదవ తరగతి బాలిక ఒకతె కుర్చీకి ఎడమచక్రము మీది రబ్బరు టైరు ఊడివచ్చెను. టైరు లేని ఇనుపరిమ్ము మన్నులో దిగబడును. సిమెంటు వాలుపై జారును. వసారా బండలమీద గీచుకొని, చెవులు మూసికొనదగిన రొద చేయును. రెండు చక్రముల ఎత్తులో భేదము వచ్చుటచే కుర్చీ ఎడమకే లాగును. అంతకు ముందు ఆ బాలిక ఎవరి సాయమును కోరక, చక్రమునకు ప్రక్కగా అమర్చిన చేతికమ్మిని పట్టి త్రిప్పుకొనుచు తానే గదికి వచ్చెడిది. ఆ దినము మొదలు గంట కొట్టిన తరువాత ఎవరైన వచ్చి తోయువరకు వాకిట నిలిచియుండవలసివచ్చెను. తోయుటకు స్నేహితురాండ్రు లేకపోలేదు. "వాళ్లు తోస్తే పోవడం వేరే సార్, నేనే పోవడం వేరే" అని ఆమె మాతో ఒక్కమాట అన్నది. ఆ మాటకు బదులు చెప్ప మాకు నోరు రాలేదు. టైరును మేమే ఎక్కింపవలెనని పూనుకొంటిమి. మేము శిక్షణ పొందినది పొరుగు రాష్ట్రమున, చిత్తూరు జిల్లాలో. అక్కడ ఛందస్సు చెప్పుట నేర్పిరిగాని పానా పట్టుట నేర్పలేదు. కనుక మేము చేసిన తప్పులను గూడ దాచక ఇందు వ్రాయుచున్నాము.

టైరు ఊడుటకు కారణము మొదట తెలిసికొనవలెను. ఆమె కుర్చీకి ఉన్నది గాలి టైరు కాదు, గట్టి రబ్బరు టైరు. అది ఒకే వలయము. దాని లోపలివైపున చుట్టును ఒక గట్టు పొడుచుకొని వచ్చియుండును. రిమ్ము అంచున కాలువవలె ఒక గాడి యుండును. గట్టు గాడిలో కూర్చుండును. ఇంతే సంబంధము. మేకు లేదు, జిగురు లేదు. రిమ్ము చుట్టుకొలతకంటె వలయము కొంచెము చిన్నది. ఎక్కింపగా సాగి, తిరిగి కుదించుకొనగోరుచు రిమ్మును పట్టుకొనియుండును. అట్టి పట్టు నిలువుగా పడు బరువునకు చలింపదు. అడ్డముగా లాగినచో వీడును. ఆనాడు మన బాలురు మంచి మనస్సుతోనే కుర్చీని వసారా మెట్టుమీదినుండి ప్రక్కవాటుగా ఈడ్చిరి. మెట్టు అంచు టైరును ఒకచోట ప్రక్కకు నెట్టెను. ఒక జానెడు మేర గాడి తప్పిన తరువాత తక్కినదంతయు తనంతట తానే ఊడివచ్చెను. కుర్చీని మెట్టు దింపునపుడు, కూర్చున్నవారి అనుమతితో, కుర్చీ వీపును మెట్టు క్రిందివైపునకు త్రిప్పి, రెండు పెద్దచక్రములు ఒక్కసారిగా దిగునట్లు తిన్నగా దింపవలెను. ఈడ్చుట ఎన్నడును కూడదు.

మా మొదటి తప్పు త్రాడు. టైరును రిమ్ముపై పెట్టి నాలుగుచోట్ల నైలాను త్రాటితో బిగించి కట్టితిమి. చక్రము పది చుట్లు తిరుగకముందే ముడులు నేలకు ఒరసికొని తెగెను. రెండవ తప్పు జిగురు. సైకిలు ట్యూబులకు మాసిక వేయు సొల్యూషను తెచ్చి గాడినిండ పూసితిమి. రబ్బరు సాగి పట్టవలసినచోట జిగురు ఏమి చేయగలదు? రాత్రి ఆరనిచ్చి ఉదయము చూడగా టైరు ఒకవైపున గాడిలోను, మఱొకవైపున గాడి వెలుపలను, మధ్యను గడ్డకట్టిన జిగురును కనబడెను. మూడవ తప్పునకు కొంత ధనము గూడ వ్యయమయ్యెను. పాత టైరు చెడినదని తలచి, దానిపై 24 అను అంకె మాత్రము చూచి, పిల్లల సైకిలుకు వేయు 24 అంగుళముల టైరును కొని తెచ్చితిమి. అది ఎంత బలము పెట్టినను రిమ్ముపైకి రాలేదు.

ఈ మూడవ తప్పు మన లెక్కల తరగతికి పనికివచ్చును. టైరు ప్రక్కన రెండు విధముల కొలతలు ముద్రించియుండును. 24 × 1⅜ అనునది పాత అంగుళముల కొలత. అది టైరు వెలుపలి ఎత్తును సుమారుగా తెలుపును. 37-540 అనునది మిల్లీమీటర్ల కొలత. ఇందు 37 టైరు వెడల్పు, 540 టైరు అంచు కూర్చుండు రిమ్ము యొక్క వ్యాసము. రెండవ అంకెయే అసలైనది. చక్రాల కుర్చీల పెద్దచక్రములలో 540 మిక్కిలి వాడుకలో ఉన్నది. పిల్లల సైకిలు 24 అంగుళముల టైరుకు సాధారణముగా ఈ అంకె 507 ఉండును. రెండింటిని 24 అనియే పిలుతురు! వ్యాసములో భేదము 33 మిల్లీమీటర్లు, దానిని 3.1416 చేత గుణించినచో చుట్టుకొలతలో భేదము సుమారు 104 మిల్లీమీటర్లగును. దాదాపు నాలుగంగుళములు కొఱతపడిన వలయమును బలముతో ఎక్కింపజూచితిమన్నమాట. టైరు కొనబోవువారు పాతదాని ప్రక్కనున్న మిల్లీమీటర్ల అంకెను కాగితముపై వ్రాసికొని పోవలెను.

మూడవనాటి సాయంకాలము చక్రమును, పాత టైరును తీసికొని బస్సు నిలుచుచోటనున్న పంక్చరు దుకాణమునకు పోతిమి. దుకాణము నడపు పెద్దాయనకు డెబ్బది యేండ్లు ఉండవచ్చును. మన హోసూరు ప్రాంతపు అలవాటు ప్రకారము ఆయన ఒక్క వాక్యములోనే తెలుగును, తమిళమును, కన్నడమును కలిపి మాటలాడును. ఆయన తండ్రి బండిచక్రములకు ఇనుపకట్టు వేసిన కమ్మరి. పెద్దాయన టైరును చేతులతో వంచి, లోపలి గట్టును వ్రేలితో చుట్టును తడవిచూచి, "టైరుకేం కాలేదు అయివారూ. మీరే దాన్ని చంపబోయినారు" అని నవ్వెను.

ఇచ్చట ఒక్క మాట చెప్పి ముందునకు పోవుదము. ఆంగ్లములో టైరు అను పదము, వస్త్రధారణమను అర్థముగల అటైరు అను పదమునుండి కుదించుకొని పుట్టినదని నిఘంటుకారుల అభిప్రాయము. అనగా చక్రము కట్టుకొన్న బట్ట. మన బండివాండ్రు చక్రముపై ఇనుపపట్టాను కట్టు అనిరి. చీరకట్టు, పంచకట్టు అనునపుడున్న కట్టే ఇది. ఎవరిని ఎవరును అడుగకుండనే రెండు భాషలును ఒక్క పోలికను పట్టుకొనుట మాకు ముచ్చటగా తోచినది.

పెద్దాయన తన తండ్రి పనిని వర్ణింపగా విని, ఇంటికి వచ్చి మేము లెక్క కట్టితిమి. అయిదడుగుల వ్యాసముగల బండిచక్రమునకు చుట్టుకొలత సుమారు 188 అంగుళములు. ఇనుపకట్టును అంతకంటె కొంచెము చిన్నదిగా చేసి, పిడకల మంటలో ఎఱ్ఱగా కాల్చి, కొయ్యచక్రముపై దింపి, వెంటనే నీరు పోయుదురు. 500 డిగ్రీలు వేడెక్కిన ఇనుపకట్టు అంగుళమునకు కొంచెము పైగా పెరుగును. చల్లారగానే కుదించుకొని, ఆకులను పూటీలను కుండలోనికి బిగించివేయును. ఇనుము సాగదు గనుక వేడితో దానిని పెంచవలెను. రబ్బరు సాగును గనుక వేడి అక్కఱ లేదని తలంతుము. కాని అక్కఱ కలదు, వేఱొక రీతిగా.

ఒకే కొలతగల ఇనుమును, రబ్బరును ఒకే విధముగా వేడిచేసినచో ఇనుముకంటె రబ్బరు పదిరెట్లకు మించి పెరుగును. 1.7 మీటర్ల చుట్టుకొలతగల టైరు 35 డిగ్రీలు వేడెక్కినచో సుమారు ఒక సెంటీమీటరు పెరుగును; అంతే పొడవుగల ఇనుము ముప్పాతిక మిల్లీమీటరైనను పెరుగదు. పైగా పాతబడి బిగిసిన రబ్బరు వెచ్చదనమునకు మెత్తబడి చేతికి లొంగును. అయితే ఇది సాగదీయని రబ్బరు మాట. బాగుగా సాగదీసి పట్టియుంచిన రబ్బరును వేడిచేసినచో అది పెరుగుటకు బదులు కుదించుకొనగోరును. ఇంగ్లండులో కెండల్ నగరవాసియైన జాన్ గఫ్ ఈ వింతను 1805లో ప్రకటించెను. బాల్యమున మశూచిచే దృష్టి కోల్పోయిన విద్వాంసుడాయన. రబ్బరును పెదవులకు తాకించి సాగదీయగా వెచ్చబడుటను, తిరిగి వదలగా చల్లబడుటను ఆయన స్పర్శచేతనే గ్రహించెను. అర్ధశతాబ్దము గడచిన పిమ్మట జూల్ దానిని కొలిచి 1859లో ప్రచురించెను. మీరును వెడల్పైన రబ్బరుబ్యాండును పెదవులకానించి పరీక్షింపవచ్చును. మన పనికి మాత్రము టైరును ఎక్కించుటకు ముందే, సాగదీయక మునుపే, వెచ్చచేయవలెను.

ఇక పని. కుర్చీని ప్రక్కకు పండబెట్టి, పానాతో ఇరుసు నట్టును విప్పి చక్రమును ఊడదీయవలెను. నట్టును, వాషర్లను ఊడివచ్చిన వరుసలోనే ఒక కాగితముపై పేర్చినచో తిరిగి బిగించునపుడు తికమక లేదు. మా చక్రమును విప్పి తెచ్చినపుడు వాషర్లన్నింటిని జేబులో వేసికొని పోయి పెద్దాయనచేత చీవాట్లు తింటిమి. గాడిలోని జిగురును మొద్దు చాకుతో గీకి, పొడిగుడ్డతో తుడిచి, చుట్టును వ్రేలితో తడవిచూడవలెను. రిమ్ము అంచు ఎచ్చటనైన వాడిగా లేచియున్నచో ఆకురాతితో రాయవలెను. లేనిచో అది టైరును కోయును. నూనెగాని కిరసనాయిలుగాని పూయరాదు. అవి రబ్బరును ఉబ్బించి చెఱచును.

టైరును వంచి లోపలి గట్టున పగుళ్లున్నవేమో చూడవలెను. పగుళ్లున్నను, సాగిపోయి శ్రమలేకుండ రిమ్ముపైకి జాఱునంత వదులైనను అది పనికిరాదు, క్రొత్తది కొనవలసినదే. వదులైన టైరును కోసి అతికించి వాడుట ప్రమాదకరము. మాది ఏ దోషమును లేనిది. దానిని చేయి ఓర్చుకొనునంత వేడిగల నీటిలో పదినిమిషములు ముంచియుంచి తీసి తుడిచితిమి. మరుగుచున్న నీరు వలదు, మంట అసలే వలదు.

పెద్దాయన గోనెపట్టాపై చక్రమును పండబెట్టెను. టైరును ఒకచోట గాడిలో కూర్చుండబెట్టి, ఆ చోటున జానెడు ఎడముగా రెండు కట్లు పాత ట్యూబు పీలికతో బిగించెను. మమ్ము అచ్చట మోకాలు ఆనించి పట్టుకొమ్మనెను. గాడికి కొంచెము సబ్బునీరు తడిపి, రెండు అరచేతులతో రెండువైపులకును సమానముగా టైరును గాడిలోనికి అదుముకొనుచు పోయెను. టైరు మెలిపడకుండ లోపలి గట్టు ఎల్లప్పుడును గాడివైపే చూచుచుండవలెను. మూడువంతుల పని సునాయాసముగా ముగిసెను. చివర జానెడు మిగిలినది. కష్టమంతయు ఆ జానెడులోనే ఉన్నది.

మేము తొందరపడి అచ్చట స్క్రూడ్రైవరు దూర్చబోతిమి. ఆయన మా చేయి పట్టుకొనెను. "బలం పెట్టేది ఇక్కడ కాదు అయివారూ. చుట్టూ ఉండేదాన్ని కొంచెం కొంచెం ఇక్కడికి తేవాల" అనెను. ఈ మాట అర్థమగుటకు మరల లెక్క చూడుడు. టైరు రిమ్ముకంటె ఒక సెంటీమీటరు చిన్నదనుకొందము. ఆ సెంటీమీటరు సాగుడును 170 సెంటీమీటర్ల చుట్టును పంచినచో నూటికి ఒకటియైనను సాగనక్కఱ లేదు. అదే సాగుడును చివరి 20 సెంటీమీటర్లే భరింపవలసివచ్చినచో నూటికి అయిదు సాగవలెను. ఒకచోట బిగువు ఎనిమిదిరెట్లు! చేయి నొచ్చుటకు, రబ్బరు చినుగుటకు, ఎక్కిన టైరు మరునాడే ఊడుటకు కారణము ఇదియే. సబ్బునీరు పూసినది టైరు గాడిలో జాఱి ఈ సాగుడు పంపకమగుటకు. ఆయన కట్టు వేసినచోటినుండి మొదలుపెట్టి, అరచేతులతో టైరును గట్టిగా రాయుచు, వదులును కొద్దికొద్దిగా జానెడువైపునకు త్రోసికొనివచ్చెను. ఇట్లు నాలుగుసార్లు చేయగా జానెడు బెత్తెడయ్యెను. అప్పుడు కొయ్యగరిటె కాడను టైరు క్రింద దూర్చి మెల్లగా ఎత్తగా, టప్పున చప్పుడుచేసి గాడిలో పడెను. కొయ్యకాడ మొద్దుగా ఉండును గనుక రబ్బరును కోయదు. సైకిలు దుకాణములలోని టైరు లీవరైనను సరియే.

పిదప కట్లు విప్పి, చక్రమును త్రిప్పి అంచును చూడవలెను. ఒకచోట ఎత్తుగాను ఒకచోట పల్లముగాను కనబడినచో కొయ్యసుత్తితో తట్టి సర్దవలెను. సబ్బునీరు పూర్తిగా ఆరువరకు, ఒక రాత్రియైనను, కుర్చీని వాడరాదు. తడిగా ఉండగా తిరిగిన టైరు రిమ్ముపై జాఱిపోవుచుండును.

గాలి టైరున్న కుర్చీలును మన ఊళ్లలో కలవు. 1845లో స్కాట్లండువాడైన థామ్సను గాలి టైరుకు పేటెంటు పొందినను అది మఱుగునపడెను. 1888లో బెల్ఫాస్టులో డన్లపు తన కుమారుని మూడుచక్రముల బండికై దానిని మరల కనిపెట్టెను. అనగా ఆ టైరు పుట్టినదే ఒక బాలుని సుఖమునకై. గాలి టైరు గతుకులను మ్రింగును. కాని తుమ్మముల్లునకు లొంగును. గట్టి టైరుకు ముల్లు భయము లేదు, గతుకులన్నియు నడుమునకు తగులును. మన మట్టిదారులకు ఏది మేలో మాకు ఇంకను తేలలేదు.

గాలి టైరు ఎక్కించుటలో కిటుకు వేఱు. దాని అంచులలో ఉక్కుతీగె ఉండును, అది సాగదు. మఱి సాగనిది రిమ్ము అంచును దాటి ఎట్లు లోపలికి పోవును? రిమ్ము నడుమ లోతైన పల్లముండును. ఎదుటివైపు అంచును ఆ పల్లములోనికి దింపినచో ఈవైపున వదులు దొరకును. కనుక ఈవైపున కష్టమైనచో ఎదుటివైపునకు పోయి చూడవలెను. మొదట ఒక అంచును పూర్తిగా ఎక్కించి, ట్యూబులో గుండ్రని ఆకారము వచ్చునంతమాత్రము గాలి నింపి లోపల అమర్చి, వాల్వును రంధ్రములో నిటారుగా నిలిపి, రెండవ అంచును వాల్వుకు ఎదుటివైపున ఆరంభించి వాల్వువద్ద ముగించవలెను. వాల్వు ఉన్నచోట టైరు అంచు పల్లములోనికి దిగజాలదు గనుక ఆ చోటును చివరకు ఉంచుట. తరువాత వాల్వును ఒకసారి లోపలికి నొక్కి వదలినచో నలిగిన ట్యూబు సర్దుకొనును. టైరు ప్రక్కన ముద్రించిన మేరకు రెండు చక్రములకును సమానముగా గాలి ఉండవలెను. తగ్గినవైపునకు కుర్చీ లాగును.

రెండు విధముల టైర్లలోను చివరకు చూడవలసినది బ్రేకు. చక్రాల కుర్చీ బ్రేకు సాధారణముగా టైరునే నొక్కి పట్టును. టైరు అరిగినను, సరిగా కూర్చుండకున్నను, గాలి తగ్గినను బ్రేకు వేసినట్లే కనబడునుగాని పట్టదు. మన సిమెంటు వాలుపై అట్టి బ్రేకును నమ్మి చేతులు వదలినచో ఏమగునో వ్రాయనక్కఱ లేదు. అందుచే చక్రమును బిగించిన పిదప, ఎవరును కూర్చుండకముందే, బ్రేకు వేసి కుర్చీని వెనుకనుండి గట్టిగా త్రోసిచూచితిమి. ఎడమబ్రేకు కొంచెము వదులుగా నుండెను. దాని మరను టైరువైపునకు జరిపి బిగించిన తరువాత కదలలేదు.

పెద్దాయన కూలి ముప్పది రూపాయలే పుచ్చుకొనెను. వచ్చునపుడు ఒక సుద్దముక్కతో టైరుమీదినుండి రిమ్ముమీదికి అడ్డముగా ఒక గీత గీచి, "రెండు గీతలైతే నా దగ్గరికి తీసుకొని రండి" అనెను. గీత తెగి రెండైనదనగా టైరు రిమ్ముపై జాఱుచున్నదని అర్థము. పరీక్షల మొదటిదినమున ఆ బాలిక తానే త్రిప్పుకొనుచు వాలెక్కి గదికి వచ్చినది. మూడవదినమున చూడగా గీతలు ఒక వ్రేలి వెడల్పున విడిపోయియుండెను. సబ్బునీరు లోపల ఇంకను ఆరలేదని పెద్దాయన తేల్చి, చక్రమును ఒక పగలంతయు ఎండ తగులని గాలిలో వ్రేలాడదీసి, మఱొక గీత గీచి పంపెను. అది నేటివరకు ఒక్కగీతగానే ఉన్నది. వసారా దుమ్ముకు చెఱిగినప్పుడెల్ల దానిని మరల గీచుకొనుపని ఆ బాలికయే చేసికొనుచున్నది. సుద్దముక్క మాత్రము మా బల్లమీదినుండి తీసికొనిపోవును.